మంత్రాయుధాన్ని మెరుగుపరచడం: రెండు ధరల మధ్య తేడా

డన్జియన్స్ అండ్ డ్రాగన్స్ వంటి ఆటల్లో ఒక్కో ఆటగాడు ఒక్కో కల్పిత పాత్రను నడుపుతాడు. అలాంటి ఆటలో ఒక ఆటగాడి యోధుడి దగ్గర +1 లాంగ్‌సోర్డ్, అంటే +1 మంత్రబలం ఉన్న పొడవాటి కత్తి, ఉంది. కొన్ని సాహసాలు గడిచాక సంచిలో కాస్త బంగారం చేరింది. ఆ కత్తికి మంటలు రగిలే గుణం, అంటే ‘ఫ్లేమింగ్’, జోడించాలని అతని కోరిక. నియమాల పుస్తకంలో ఫ్లేమింగ్ వివరణ చివర ధర రాసే చోట ‘+1 బోనస్’ అని ఉంటుంది. ధరల పట్టికలో +1 ఆయుధానికి ఎదురుగా 2,000 బంగారు నాణేలని ఉంటుంది. రెండూ కలిపి చదువుకున్న ఆటగాడు తన పాత్ర వివరాలుండే కాగితంలో బంగారం లెక్కలోంచి 2,000 కొట్టేస్తాడు. ఆటను నడిపించే గేమ్ మాస్టర్ మాత్రం 6,000 అడుగుతాడు. ఇద్దరి ముందూ ఉన్నది ఒకే పుస్తకం, ఇద్దరూ చదివింది ఒకే పట్టిక. అయినా గేమ్ మాస్టర్ లెక్కే సరైనది, ఎందుకు సరైనదో అర్థమైతే మంత్రాయుధాల నియమాల్లో చాలా భాగం దానంతట అదే విడిపోతుంది.

డన్జియన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో మొదటిసారి వెలువడింది. ప్లస్ గుర్తుతో పిలిచే మంత్రాయుధాలు ఆ ఆటకు తొలినాళ్ల నుంచీ తెలిసినవే. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ వాటికి ఒక సూత్రం ప్రకారం ధర కట్టి, ఆ ధర మీదే తయారీని, మెరుగుదలను ఆధారపరిచింది. 2003 నాటి 3.5 సవరణ ఆ పద్ధతిని కొనసాగించింది. 2009లో వచ్చిన పాత్‌ఫైండర్ అనే మరో ఆట దాదాపు యథాతథంగా దాన్ని స్వీకరించింది. ఈ వ్యాసంలోని లెక్కలు ప్రధానంగా 3.5, పాత్‌ఫైండర్ అనే ఈ రెండు ఆటలవి. పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్, డన్జియన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్ వేరే దారులు పట్టాయి కనుక వాటి సంగతి చివర్లో వస్తుంది.

సూత్రం చాలా చిన్నది. ఆయుధం మొత్తం బోనస్‌ను వర్గం చేసి 2,000తో గుణిస్తే మంత్రశక్తి ధర వస్తుంది. +1కి 2,000, +2కి 8,000, +3కి 18,000, +4కి 32,000, +5కి 50,000. ఇలా పెరుగుతూ +10 దగ్గర 2,00,000కు చేరి అక్కడ ఆగుతుంది. ఇక్కడ కీలకమైన మాట ‘మొత్తం’. ఆయుధానికి రెండు రకాల శక్తులుంటాయి. దాడి తగిలిందో లేదో తేల్చే పాచికకూ, తగిలితే పడే దెబ్బకూ నేరుగా కలిసే ఎన్‌హాన్స్‌మెంట్ బోనస్ ఒకటి, ఇది +5 దాటదు. ఫ్లేమింగ్, కీన్, హోలీ వంటి ప్రత్యేక గుణాలు రెండోది. ఫ్లేమింగ్ నిజంగా దాడికి +1 కలపదు, తగిలినప్పుడు ఒక ఆరుముఖాల పాచిక మేర అగ్ని నష్టం చేస్తుంది. అయితే ధర కట్టేటప్పుడు మాత్రం దాన్ని ఒక ‘+1’ బరువుగా లెక్కిస్తారు. హోలీ బరువు +2, స్పీడ్ బరువు +3, వోర్పల్ బరువు +5. ఎన్‌హాన్స్‌మెంట్ బోనస్, గుణాల బరువులు అన్నీ కలిపితే వచ్చేదే మొత్తం బోనస్, అది +10 దాటకూడదు. ఏ గుణం జోడించాలన్నా ముందు ఆయుధానికి కనీసం +1 ఎన్‌హాన్స్‌మెంట్ ఉండి తీరాలి.

కనుక +1 ఫ్లేమింగ్ లాంగ్‌సోర్డ్ ధర లెక్కలో +2 ఆయుధం, దాని మంత్రశక్తి ధర 8,000. యోధుడి కత్తిలో ఇప్పటికే 2,000 విలువైన శక్తి ఉంది. మెరుగుదలకు చెల్లించవలసింది రెండింటి మధ్య తేడా, 6,000. పట్టికలోని అంకె ఆయుధం మొత్తానికి చెప్పిన ధర. ఒక మెట్టుకు చెప్పిన ధరగా దాన్ని చదివితే పొరపాటు అక్కడే మొదలవుతుంది.

ఈ తీసివేత పద్ధతిలో ఒక అందం ఉంది. అదే కత్తికి ఫ్లేమింగ్, హోలీ రెండూ కావాలనుకుందాం. ముందు ఫ్లేమింగ్ వేయిస్తే 2,000 నుంచి 8,000కు వెళ్లడానికి 6,000, తరవాత హోలీ వేయిస్తే 8,000 నుంచి 32,000కు వెళ్లడానికి 24,000. వరస మార్చి హోలీతో మొదలుపెడితే తొలి మెట్టుకు 16,000, మలి మెట్టుకు 14,000. ఏ దారిన వెళ్లినా మొత్తం 30,000. హోలీ ఒకచోట 24,000, మరోచోట 16,000 పలికిందంటే గుణానికి సొంత ధర అంటూ లేదన్నమాట, అది ఏ మెట్టు మీద నిలబడిందన్నదే దాని ధర. కాబట్టి చిన్న ఆయుధంతో మొదలుపెట్టి అంచెలంచెలుగా పెంచుకున్న ఆటగాడు, ఒకేసారి పెద్ద ఆయుధం కొన్నవాడి కంటే ఒక్క నాణెం కూడా ఎక్కువ ఇవ్వడు. నియమాల రచయితలు ఇంత నిబద్ధతతో ఆటగాడి పక్షాన నిలిచిన చోట్లు ఈ ఆటల్లో ఎక్కువ లేవు.

వర్గం ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఆట సమతుల్యంలో ఉంది. ప్రతి మెట్టుకూ 2,000 చొప్పున సమానంగా ధర పెట్టి ఉంటే, డబ్బున్న పాత్ర అంతా ఒకే ఆయుధంలో పోసేది. వర్గం ఆ ఆశకు కళ్లెం వేస్తుంది: +1 నుంచి +2కు 6,000, +2 నుంచి +3కు 10,000, +3 నుంచి +4కు 14,000, ప్రతి మెట్టూ ముందుదాని కంటే 4,000 ఎక్కువ. ఒక దశ వచ్చేసరికి ఆయుధానికి మరో మెట్టు ఎక్కించడం కంటే కవచానికో, రక్షణ ఉంగరానికో ఖర్చు పెట్టడం లాభమనిపిస్తుంది. కవచాలకు ఇదే వర్గ సూత్రాన్ని 1,000తో గుణిస్తారు, అంటే అదే బోనస్ సగం ధరకు దొరుకుతుంది. పాత్‌ఫైండర్ పుస్తకం పాత్ర స్థాయిని బట్టి ఉండవలసిన సంపదను సూచిస్తూ, ఒకే వస్తువు విలువ ఆ సంపదలో సగం దాటకుండా చూడమని సలహా ఇస్తుంది. అయిదో స్థాయిలో ఆ సంపద 10,500, ఏడో స్థాయిలో 23,500, పదో స్థాయిలో 62,000, పదకొండో స్థాయిలో 82,000. మన యోధుడి ఫ్లేమింగ్ కత్తి అయిదో స్థాయిలో అతిగా ఉంటుంది, ఏడో స్థాయిలో హాయిగా ఇముడుతుంది. ఫ్లేమింగ్, హోలీ రెండూ ఉన్న కత్తి పదో స్థాయి సగానికి కాస్త పైన నిలిచి, పదకొండో స్థాయిలో అందుతుంది.

మెరుగుపరచడమా, అమ్మి కొనడమా

పూర్తి ధరలో ఆయుధం ధర, పనితనం ధర కూడా ఉంటాయి. లాంగ్‌సోర్డ్ 15 నాణేలు. మంత్రం పట్టాలంటే ఆయుధం ‘మాస్టర్‌వర్క్’ స్థాయి పనితనంతో తయారై ఉండాలి, దానికి మరో 300. మంత్రశక్తితో కలిపి +1 లాంగ్‌సోర్డ్ 2,315 అవుతుంది, +1 ఫ్లేమింగ్ లాంగ్‌సోర్డ్ 8,315. పాతదాన్ని అమ్మితే సగం ధరే వస్తుంది, అంటే 1,157 బంగారు నాణేలు, 5 వెండి నాణేలు. అమ్మి కొత్తది కొన్నవాడి జేబులోంచి 7,157 నాణేలకు పైగా పోతాయి. ఉన్నదాన్నే మెరుగుపరిస్తే 6,000తో సరిపోతుంది. పాత ఆయుధం ఎంత ఖరీదైనదైతే ఈ నష్టం అంత పెద్దది.

మాస్టర్‌వర్క్ గురించి రెండు మాటలు. ఈ పనితనం దాడికి +1 ఇస్తుంది, దెబ్బకు ఇవ్వదు. మంత్రం ఎక్కాక వచ్చే ఎన్‌హాన్స్‌మెంట్ బోనస్‌తో ఇది కలవదు, కాబట్టి +1 కత్తి దాడికి +2 ఇస్తుందనుకోవడం తప్పు. రెండోది కథతో ముడిపడిన చిక్కు: పనితనం తయారీ సమయంలోనే రావాలి, మామూలు కత్తిని తరవాత మాస్టర్‌వర్క్‌గా మార్చడానికి వీల్లేదు. తాతగారి కత్తితోనే చివరిదాకా పోరాడాలనుకున్న ఆటగాడిని ఈ ఒక్క వాక్యం ఆపేస్తుంది. పాత్‌ఫైండర్‌లో ‘మాస్టర్‌వర్క్ ట్రాన్స్‌ఫర్మేషన్’ అనే మంత్రం, ధరలోని తేడాను సామగ్రిగా ఖర్చుచేసి, ఈ అడ్డును తొలగిస్తుంది. ఆ మంత్రం అందుబాటులో లేని ఆటలో గేమ్ మాస్టర్ 300 నాణేలు తీసుకుని దారి ఇస్తే ఆటకు నష్టమేమీ లేదు.

జట్టులోనే మాంత్రికుడుంటే ఖర్చు ఇంకా తగ్గుతుంది. ‘క్రాఫ్ట్ మ్యాజిక్ ఆర్మ్స్ అండ్ ఆర్మర్’ అనే ఫీట్‌కు, అంటే పాత్ర ఎంచుకునే ప్రత్యేక సామర్థ్యానికి, అయిదో స్థాయి మంత్రశక్తి కావాలి. అది ఉన్నవాడు ధరలో సగం ఖర్చుతో పని చేయగలడు. మెరుగుదల విషయంలో ధర అంటే తేడాయే కనుక మన కత్తికి సామగ్రి ఖర్చు 3,000. సమయం కూడా తేడాను బట్టే, వెయ్యికి ఒక రోజు చొప్పున ఆరు రోజులు. 3.5లో దీనికి తోడు ధరలో ఇరవై అయిదో వంతు అనుభవ పాయింట్లు పోతాయి, ఇక్కడ 240. పాత్‌ఫైండర్ ఆ కోతను తీసేసి, దానికి బదులు ఒక నైపుణ్య పరీక్ష పెట్టింది. ఎన్‌హాన్స్‌మెంట్ బోనస్‌కు మూడింతల మంత్రశక్తి స్థాయి ఉండాలన్న షరతు రెండింటిలోనూ ఉంది: +2కు ఆరో స్థాయి, +3కు తొమ్మిదో స్థాయి, +5కు పదిహేనో స్థాయి. ఈ మూడింతల లెక్క ఎన్‌హాన్స్‌మెంట్ బోనస్‌కే వర్తిస్తుంది, గుణాల బరువును అందులో కలపకూడదు.

ప్లస్సా, గుణమా

అదే 6,000 పెట్టి కత్తిని +2 చేయడం మేలా, ఫ్లేమింగ్ వేయించడం మేలా అన్నది నియమాలు తేల్చని ప్రశ్న. అంకెలు చాలావరకు తేలుస్తాయి. బోనస్ కలవకముందు ఒక్కో దెబ్బకు సగటున 10.5 నష్టం చేసే యోధుణ్ని తీసుకుందాం: కత్తి పాచిక సగటు 4.5, బలం వల్ల 4, ప్రత్యేక శిక్షణ వల్ల 2. +1 కత్తితో అతను నూటికి అరవై సార్లు తగిలించగలడనుకుంటే ఒక్కో దాడికి సగటు నష్టం 6.9. ఇరవైముఖాల పాచిక మీద ఒక్కో +1 అయిదు శాతం కనుక, +2 కత్తితో నూటికి అరవై అయిదు సార్లు 12.5 చొప్పున 8.1 వస్తుంది. ఫ్లేమింగ్‌తో అరవై సార్లు 15 చొప్పున 9 వస్తుంది. ఈ యోధుడికి మంటే మేలు.

ఇప్పుడు రెండు చేతులతో పెద్ద ఆయుధం తిప్పుతూ, బోనస్ లేకుండానే ఒక్కో దెబ్బకు 35 నష్టం చేసే యోధుణ్ని చూద్దాం. అతను కూడా అంతే తరచుగా తగిలిస్తాడనుకుంటే +2తో 24 చిల్లర, ఫ్లేమింగ్‌తో 23.7. తూకం తిరగబడింది. ఈ ఊహల్లో రెండూ సమానమయ్యే చోటు దెబ్బకు 28. అంతకు మించి కొట్టేవాడికి తగిలే ప్రతి అదనపు దెబ్బా విలువైనది, అతనికి ప్లస్ మేలు. అంతకు తక్కువ కొట్టేవాడికి అదనపు పాచిక మేలు. పాచిక బాగా పడినప్పుడు తగిలే క్రిటికల్ దెబ్బలో కత్తి నష్టం, బోనస్ రెట్టింపవుతాయి, ఫ్లేమింగ్ పాచిక రెట్టింపు కాదు, కాబట్టి అసలు లెక్కలో తూకం ఇంకాస్త ప్లస్ వైపు మొగ్గుతుంది. అగ్నిని తట్టుకునే రాక్షసులు ఎదురైనప్పుడు ఫ్లేమింగ్ దాదాపు ఏమీ చేయదు. మంటలు రేగే కత్తి బొమ్మ చూసి గుణం ఎంచుకునే ముందు తన పాత్ర సగటు దెబ్బ ఎంతో కాగితం మీద వేసుకోవడం మంచిది.

పాత్‌ఫైండర్‌లో ప్లస్‌కు మరో ప్రయోజనం ఉంది. కొన్ని ప్రాణులకు వెండి, శీతల ఇనుము వంటి లోహాలతో తప్ప పూర్తి నష్టం తగలదు. ఆయుధానికి +3 ఎన్‌హాన్స్‌మెంట్ ఉంటే అది ఈ రెండు లోహాల పని చేస్తుంది, +4 ఉంటే అడమాంటీన్ అనే కల్పిత లోహం పని, +5 ఉంటే ధర్మాధర్మాల మీద ఆధారపడిన రక్షణను కూడా ఛేదిస్తుంది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది అసలు ఎన్‌హాన్స్‌మెంట్ మాత్రమే. ధరలో +5గా లెక్కకు వచ్చే +1 ఫ్లేమింగ్ స్పీడ్ కత్తి ఈ విషయంలో ఒట్టి +1 కత్తి. 3.5లో ఈ సౌకర్యం లేదు, అక్కడ సరైన లోహం ఉండవలసిందే. అసలే శీతల ఇనుముతో చేసిన ఆయుధానికి మంత్రం వేయాలంటే అదనంగా 2,000 అవుతుంది, పాత్‌ఫైండర్ వివరణ ప్రకారం ఇది మొదటిసారి మంత్రించినప్పుడు ఒక్కసారే, తరవాతి మెరుగుదలలకు మళ్లీ పడదు.

అన్ని ప్లస్‌లనూ గుణాలకే ఖర్చుపెట్టి, ఎన్‌హాన్స్‌మెంట్‌ను +1 దగ్గరే ఉంచే ప్రసిద్ధ వ్యూహం ఒకటుంది. ‘గ్రేటర్ మ్యాజిక్ వెపన్’ మంత్రం నాలుగు స్థాయిలకు ఒకటి చొప్పున ఆయుధానికి ఎన్‌హాన్స్‌మెంట్ ఇస్తుంది, స్థాయికి గంట చొప్పున నిలుస్తుంది. ఇది ఉన్న బోనస్‌తో కలవదు, పెద్దదే నిలుస్తుంది. పన్నెండో స్థాయి మాంత్రికుడు దీన్ని +1 ఫ్లేమింగ్ హోలీ కత్తి మీద వేస్తే అది పన్నెండు గంటలు +3 ఫ్లేమింగ్ హోలీ కత్తి. దాన్ని కొనాలంటే మొత్తం బోనస్ +6 కనుక 72,000 కావాలి, యోధుడు పెట్టింది 32,000. ఇది నియమాల్లో లొసుగని గేమ్ మాస్టర్లు కొందరు అభ్యంతరపెడతారు కానీ, వ్యవస్థ దీనికి తగిన వెల కట్టింది: మాంత్రికుడు రోజూ ఒక మంత్రాన్ని దీనికే కేటాయించాలి, శత్రువు మంత్రభంగం చేస్తే బోనస్ ఆ క్షణమే పోతుంది, పాత్‌ఫైండర్‌లోనైతే ఈ మంత్రం ఇచ్చిన +3 వెండి పని చేయదు.

పేరున్న ఆయుధాలు

పుస్తకంలో సొంత పేరుతో వచ్చే ఆయుధాలను మెరుగుపరచవచ్చా అన్న దగ్గరే నిజమైన వాదనలు వస్తాయి. వాటి ధరలో ప్లస్ బరువుకు లొంగని శక్తులు కలిసి ఉంటాయి. ‘ఫ్లేమ్ టంగ్’ ధర 20,715. అది +1 ఫ్లేమింగ్ బర్స్ట్ లాంగ్‌సోర్డ్, రోజుకు ఒకసారి నిప్పు కిరణం విసురుతుంది. ఫ్లేమింగ్ బర్స్ట్ బరువు +2, మొత్తం +3, అంటే కిరణం లేని కత్తి 18,315. మిగిలిన 2,400 కిరణానికి పడిన ధర. ఇలా విడదీయగలిగితే మెరుగుదలకు అడ్డేమీ ఉండదు: 2,400ను పక్కన పెట్టి, +3 నుంచి +4కు తేడా 14,000 వసూలు చేస్తే ఆ కత్తి +2 అవుతుంది. కవచాలకు వేసే ‘షాడో’ వంటి గుణాలకు 3,750 అని నేరుగా ధర పెట్టిన పద్ధతి కూడా ఇదే, అవి వర్గంలోకి వెళ్లకుండా చివర్లో కలుస్తాయి. ధరను విడదీయడం సాధ్యం కాని ఆయుధాన్ని మాత్రం ఉన్నది ఉన్నట్టు వదిలేయడమే న్యాయం. ఊహించి కట్టిన ధర ఆటగాడికైనా అన్యాయం చేస్తుంది, తక్కిన జట్టుకైనా చేస్తుంది.

2019లో వచ్చిన పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ వర్గాన్ని వదిలేసి రూన్‌లను, అంటే ఆయుధం మీద చెక్కే మంత్రచిహ్నాలను, తెచ్చింది. దాడి బోనస్ ఇచ్చే పొటెన్సీ రూన్ +1కు 35, +2కు 935, +3కు 8,935 బంగారు నాణేలు. నష్టం పాచికల సంఖ్య పెంచే స్ట్రైకింగ్ రూన్ వేరు: రెండు పాచికలకు 65, మూడింటికి 1,065, నాలుగింటికి 31,065. విడిగా చూస్తే వింతగా కనిపించే ఈ అంకెలను జతచేస్తే రచయితల ఉద్దేశం తెలుస్తుంది. +1 స్ట్రైకింగ్ ఆయుధం 100, +2 గ్రేటర్ స్ట్రైకింగ్ 2,000, +3 మేజర్ స్ట్రైకింగ్ 40,000, అన్నీ గుండు సున్నాలతో ముగుస్తాయి. మెరుగుదలకు ఇక్కడా తేడాయే చెల్లించాలి, +1 పొటెన్సీని +2 చేయడానికి 900. గుణాల రూన్‌లు ఒకదాని ధరను మరొకటి పెంచవు, ఫ్లేమింగ్ ఎప్పుడైనా 500లే. కళ్లెం వేసేది సంఖ్య: పొటెన్సీ ఎంతో అన్ని గుణాలే ఆయుధం మీద ఇముడుతాయి.

ఈ ఎడిషన్ తెచ్చిన గొప్ప మేలు బదిలీ. కత్తి వాడే యోధుడికి నిధిలో +2 గొడ్డలి దొరికితే పాత పద్ధతిలో సగం ధరకు అమ్ముకోవడం తప్ప దారి లేదు. ఇక్కడ రూన్ ధరలో పదో వంతు, అంటే 93 బంగారు నాణేలు, 5 వెండి నాణేలు పెట్టి, ఒక రోజు పనితో దాన్ని తన కత్తి మీదికి మార్చుకోవచ్చు. రెండు ఆయుధాల మీదా ఒకే రకం రూన్ ఉంటే అవి చోట్లు మార్చుకుంటాయి, అప్పుడు ఖరీదైనదాని ధరను బట్టి ఖర్చు లెక్కిస్తారు. గమనించవలసింది ఒకటే: పొటెన్సీ తగ్గితే, దాని మీద ఆధారపడిన గుణాల్లో ఎక్కువైనవి పనిచేయడం మానేస్తాయి. పోవు, నిద్రాణంగా ఉండిపోతాయి.

డన్జియన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్ 2014 నాటి మూల పుస్తకాల్లో మెరుగుదలకు నియమమే లేదు. అక్కడ వస్తువులను అరుదుతనాన్ని బట్టి విభజిస్తారు: +1 ఆయుధం ‘అన్‌కామన్’, +2 ‘రేర్’, +3 ‘వెరీ రేర్’, ప్లస్ అక్కడితో ఆఖరు. బోనస్‌లను ఇంత బిగించి ఉంచడం ఆ ఎడిషన్ గణితానికి పునాది, అక్కడ +1 కూడా పెద్ద కానుకే. 2017లో వచ్చిన జానథార్స్ గైడ్ టు ఎవ్రీథింగ్ అనే అనుబంధ పుస్తకం తయారీకి ఖర్చు, సమయం చెప్పింది: అన్‌కామన్‌కు 200 నాణేలు, రెండు వారాలు, రేర్‌కు 2,000, పది వారాలు, వెరీ రేర్‌కు 20,000, ఇరవై అయిదు వారాలు. ఆ అంకెల మీద పాత తీసివేత సూత్రాన్ని వాడితే +1 కత్తిని +2 చేయడానికి 1,800 నాణేలు, ఎనిమిది వారాలు పడుతుంది. ఆ పుస్తకం తయారీకి ఒక అపురూప పదార్థం, దాన్ని కాపలా కాసే ప్రాణి కూడా ఉండాలంటుంది. మెరుగుదలకు కూడా ఆ షరతు పెడితే నాణేల లెక్క తేలిన తరవాత ఆటగాళ్లకు వెళ్లవలసిన చోటు ఒకటి మిగులుతుంది.